పాడెడు గొంతు, వినెడు చెవి

2020 జూన్ నెలలో నెల్లూరు జిల్లా చేజర్ల మండలమునందలి పెరుమాళ్లపాడు గ్రామస్థులు పెన్నా ఏటి ఇసుకను త్రవ్వగా, పూడిపోయిన నాగేశ్వరస్వామి ఆలయము పైభాగము బయటపడినది. ఏటి ఇసుక మేటలు వేసి ఆ గుడిని కప్పివేసినను, ఆ తావున గుడి కలదను మాట మాత్రము పెద్దల నోట నిలిచియే ఉన్నది. ఆ మాటను నమ్మి ఊరివారు పార పట్టినారు. గుడి కనబడినది.

రాయి ఇసుక క్రింద ఎన్ని తరములైనను ఓర్చును. పాటకు ఆ ఓర్పు లేదు. పాడినవారు పోయిన పిదప దానిని త్రవ్వి తీయుటకు వీలులేదు. ఎవరైనను విని నేర్చుకొనియుండవలెను. లేదా యంత్రమున పట్టి ఉంచియుండవలెను. కొలువు కొరకు గాని, కంపెనీ కొరకు గాని కాక, తమ మనసు కొరకు పాడుకొని, ఆ పాటను పదిమందికి పంచవలెనని తలచిన మన తెలుగువారికి గత నూరేండ్లలో ఏయే త్రోవలు దొరికినవో, ఏయే తలుపులు అడ్డు నిలిచినవో, ఈ ప్రసంగమున ముచ్చటింపదలచినాము.

యంత్రములు రాకమునుపు ఈ పంపకమునకు తావు ఊరి రామమందిరము. ఆత్మకూరు, ఉదయగిరి సీమలోనే కాదు, తెలుగుదేశమున ఏ పల్లెకు పోయినను భజన నడచు తీరు ఒక్కటే. ఒకరు చరణము ఎత్తుకొందురు. తక్కినవారు వంత పాడుదురు. తాళములు, మద్దెల, కొన్నియెడల ఒక హార్మోనియము. మరునాటి రాత్రి వంత పాడినవాడు ముందుకు వచ్చును. నిన్న ముందు పాడినవాడు వంతకు కూర్చుండును. కోలాటమునను, చెక్కభజనలోను ఇదియే మర్యాద. అచట పాడువారు వేరు, వినువారు వేరు అను విభజన లేదు. విన్నవాడే పాడును, పాడినవాడే వినును. ఈ సంగతి మనము మరువరాదు. కథ చివర దీనితో మనకు పని కలదు.

1902 నవంబరులో గైస్‌బర్గు అను ఇంజనీరు కలకత్తాలో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను ప్లేటుపై పట్టినాడు. అటుపిమ్మట కొలది ఏండ్లలోనే ఆ యంత్రములు దక్షిణదేశమునకును వచ్చినవి. నిమిషమునకు 78 మారులు తిరిగెడు ఆ లక్క ప్లేటుపై ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి పాట పట్టదు. రంగస్థలము మీద ఒక్క పద్యమును రాగముతో ఎంతసేపైనను సాగదీయగల నటులు దానిని మూడు నిమిషములకు కుదించుకొనవలసి వచ్చినది. ఐనను కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల పద్యములు ప్లేట్లమీదనే ఊరూర మారుమ్రోగినవి. నాటకము చూడనివారికి కూడ ఆ గొంతులు తెలియును. కాని ఏ గొంతును పట్టవలెనో తేల్చునది కంపెనీ. అమ్ముడుపోవునని తోచిన గొంతునకే ప్లేటు. తక్కిన గొంతులకు రామమందిరమే దిక్కు.

రేడియో చరిత్ర ఇందుకు భిన్నముగ మొదలైనదని చెప్పిన కొందరికి వింతగా తోచవచ్చును. మన దక్షిణదేశమున రేడియోను తెచ్చినది ప్రభుత్వము కాదు, వ్యాపారులును కారు, ఔత్సాహికులు. సి. వి. కృష్ణస్వామి చెట్టి మొదలగువారు 1924లో చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, ఆ సంవత్సరము జులై 31న ప్రసారములు ప్రారంభించినారు. చిన్న యంత్రము, కొద్దిమంది సభ్యులు, చందాల సొమ్ము. సొమ్ము చాలక 1927లో క్లబ్బు మూతపడినది. ఆ యంత్రమును చెన్నపురి కార్పొరేషనునకు అప్పగించగా, కార్పొరేషను 1930 ఏప్రిల్ 1 నుండి ప్రసారములు సాగించినది. 1938 జూన్ 16న అఖిల భారత రేడియో మద్రాసు కేంద్రము వెలసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు నెల్లూరు జిల్లా చెన్నపట్టణపు ఏలుబడిలోనిదే కావున, మన సీమవారికి తొలి రేడియో గొంతు ఆ పట్టణము నుండియే వినవచ్చినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసిన పిమ్మట తెలుగు పాటకు తనదైన ఇల్లు దొరికినది.

ఆ ఇంటిలో పెరిగిన బిడ్డయే లలిత సంగీతము. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు తామే పాట వ్రాసి, తామే వరుస కట్టి, గాయకులకు నేర్పి ప్రసారము చేయించెడివారు. 1947 ఆగస్టున స్వాతంత్ర్యము వచ్చిన వేళ వారి గీతమును టంగుటూరి సూర్యకుమారి మద్రాసు కేంద్రము నుండి వినిపించినది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి మున్నగువారి పాటలు కూడ ఆ కాలమున నాటకములోనివి కావు, సినిమాలోనివి కావు. కేవలము పాట కొరకు పుట్టిన పాటలు. గ్రామఫోను ప్లేట్లమీద వచ్చిన ఇట్టివానిని జనులు ప్రైవేటు పాటలని పిలిచినారు. ఆ పేరు ఆలోచింపదగినది. కథానాయకుని నోట పెట్టుటకు గాక, ఒక మనిషి తన మాటగా మరియొక మనిషికి చెప్పుకొన్న పాట అది.

ఐతే రేడియో ఇంటికిని తలుపు కలదు. తలుపు కడ కావలియు కలదు. స్వర పరీక్షలో నెగ్గినవారికే మైకు. శ్రుతి, లయ తెలియని గానము ఇంటింట మ్రోగకుండ కాచిన మేలు ఆ పరీక్షకు దక్కును. కాని ఒక సంగతి చెప్పక తప్పదు. 1940 మార్చి నుండి 1971 వరకు అఖిల భారత రేడియోలో హార్మోనియమునకు ప్రవేశము లేదు. దాని స్వరములు కదలవు, గమకము పలుకవు, మన సంగీతమునకు అది పొసగదని పండితుల వాదము. వాదమున బలము లేకపోలేదు. ఐనను పల్లె భజనకు ప్రాణమైన పెట్టె ముప్పది ఏండ్లు గుమ్మము వెలుపలనే నిలిచినదనుటయు నిజమే.

కావలివారు పొరబడుటయు కలదు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు (1922–1974) విజయనగరమున సంగీతము అభ్యసించి, క్విట్ ఇండియా ఉద్యమమున జైలుకు పోయి, పిదప చెన్నపట్టణము చేరినారు. వారి గొంతు మైకునకు పనికిరాదని మొదట తిరస్కరించినవారున్నారు. ఆ గొంతే తరువాత తెలుగువారి గొంతైనది. సినిమా పాటలతో ఊపిరి సలుపని కాలమునను వారు ప్రైవేటు పాటలను విడువలేదు. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ను వారు పాడిన పిదప, పూవు కోయబోయిన చేయి ఒక్క క్షణమైనను ఆగని తెలుగు ఇల్లాలు అరుదు. వారు పాడిన భగవద్గీత వారి మరణానంతరము వెలువడినది.

ఎం. ఎస్. రామారావుగారి (1921–1992) వృత్తాంతము ఇంకను ముఖ్యమైనది. తెలుగు సినిమా తొలి నేపథ్య గాయకులలో ఒకరైన వారు తమ ఉత్తరార్ధ జీవితమున సుందరకాండను తేలిక తెలుగున తామే గేయముగ రచించి, ఊరూర తామే గానము చేసినారు. అది ఎవరో కోరి వ్రాయించుకొన్నది కాదు. ఒక మనిషి తనకై తాను పూనిన పని. తెల్లవారుజామున ఎన్ని ఇండ్లలో, ఎన్ని గుళ్లలో అది వినబడినదో లెక్క కట్టగలవారు లేరు. పాడినవారు మనసార ఇచ్చినారు. విన్నవారు మనసార పుచ్చుకొన్నారు.

మన జిల్లాలోనే మరియొక నిదర్శనము. నెల్లూరున హరికథలు చెప్పిన ఎస్. పి. సాంబమూర్తిగారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యము 1964లో ఔత్సాహిక గాయకుల పోటీలో ప్రథమ బహుమతి పొంది, 1966లో సినిమా గాయకుడైనాడు. 2020 సెప్టెంబరు 25న కన్నుమూయువరకు పాడుచునే ఉన్నాడు. తాను ఔత్సాహికుడుగ వచ్చిన త్రోవను ఆయన మరువలేదు. పిన్న గాయకుల పోటీలను టెలివిజనుపై ఏండ్ల తరబడి నడిపి, వారి పాటను ఆసాంతము విని, తప్పును నొప్పి లేకుండ దిద్దిన తీరు మన ఇండ్లన్నియు చూచినవే.

1970ల చివర నుండి కాసెట్టు వచ్చినది. ప్లేటు చేయుటకు కర్మాగారము కావలెను. కాసెట్టునకు ఒక టేపు రికార్డరు చాలును. జానపదులు, భజన మండలులు, ఉద్యమ గాయకులు తమ పాటలను తామే పట్టుకొని సంతలలో పంచినారు. మొదటిసారిగ గొంతునకును యంత్రమునకును నడుమ కావలివాడు లేకపోయినాడు.

ఇచ్చట మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకొనవలసియున్నది. మా మేనత్త నాట్ల కాలమున పాడెడు పాటలు రెండింటిని మేము ఆ రోజులలో ఒక కాసెట్టుపై పట్టినాము. ఆమె మొదట సిగ్గుపడినది, పిదప తన గొంతు తాను విని, “నేనేనా?” అని నవ్వినది. కొన్ని మాసములకు ఖాళీ కాసెట్టు దొరకక, దానిమీదనే సినిమా పాటలు ఎక్కించినాము. ఆమె పోయిన పిదప ఆ పాటలకై వెదకితిమి. ఒక చరణము మాకు సగము వచ్చును. రెండవది ఎవరికిని రాదు. ఏ కంపెనీయు ఆ గొంతును కాదనలేదు. ఏ పరీక్షయు అడ్డు నిలువలేదు. చేజేతుల మేమే చెరిపివేసినాము.

అందుచేత, 2008లో జహీరాబాదు కడ మాచునూరున జరిగిన కార్యము మాకు మిక్కిలి గౌరవింపదగినదిగా తోచుచున్నది. గాలిలోని తరంగములు ప్రజల ఆస్తి యని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2006లో స్వచ్ఛంద సంస్థలకును రేడియో నడుపుకొను వీలు కలిగినది. 2008 అక్టోబరు 15న డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు ‘సంగం రేడియో’ను ప్రారంభించినారు. చేలలో పనిచేయు స్త్రీలే పాటలు పాడి, తామే పట్టి, తామే ప్రసారము చేయుదురు. వారి పలుకు వారి పల్లె పలుకే. విత్తనము సంగతి, వంట సంగతి, పండుగ పాట, అన్నియు ఒక్క గొంతుననే వచ్చును. ఆ ప్రసారము చుట్టుప్రక్కల పల్లెలకు మాత్రమే చేరును. ఐనను దాని విలువ దూరమున లేదు. పాడిన ఆమెను ఎరిగినవారే వినుచున్నారు. రేపు వారే వచ్చి పాడుదురు. రామమందిరపు మర్యాద మరల యంత్రమున మొలకెత్తినది.

నేడు సెల్‌ఫోను ప్రతి జేబులోను కలదు. చేజర్లలోని పిన్నవాడు రాత్రి మిద్దెమీద కూర్చుండి తన పాటను తానే పట్టి, తెల్లవారులోగ అమెరికాలోని మేనమామకు వినిపింపగలడు. నూరేండ్లు తలుపు కొట్టిన ఔత్సాహికునికి నేడు తలుపే లేదు. ఇది సంతోషింపవలసిన విషయమే. కాని తలుపు పోయినచో చిక్కు తీరినదా? ఒకప్పుడు పాడువారు వేవురు, మైకులు కొద్ది. నేడు మైకులు కోట్లు. ఆసాంతము విను చెవులు కొద్ది. పది పాటలను పది సెకండ్ల చొప్పున విని దాటిపోవుట వినుట కాదు.

సంగీతమునకు అర్థమేమని పండితులు పలువిధముల చెప్పిరి. మాకు తోచినది చిన్న మాట. తన కొరకు పాడుకొన్న పాట మరియొకరు మనసు పెట్టి విన్నప్పుడే పూర్తియగును. ప్లేటు, రేడియో, కాసెట్టు, ఫోను గొంతును మోసికొని పోగలవు గాని, వినిపెట్టలేవు. ఆ పని మనది. సాంబమూర్తిగారి ఎదుట కూర్చున్నవారును, ఘంటసాలగారి పుష్పవిలాపమునకు కన్నీరు పెట్టినవారును, మాచునూరు చుట్టుప్రక్కలవారును చేసిన పని అదే.

కావున ఈ ప్రసంగము చదువు ఇండ్లకు మా విన్నపము చిన్నది. మీ ఇంట పాత పాట ఎరిగిన పెద్దవారున్నచో ఈ పండుగలోపున వారిచేత పాడించి పట్టుడు. పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఏ పనిలో ఏ వేళ పాడెడువారో ఒక కాగితమున వ్రాసి ఉంచుడు. ఒక్క ఫోనులోనే ఉంచక మరి రెండు చోట్ల దాచుడు, యంత్రమును పాడగును. మీ పిల్లవాడు తన పాటను మీకు వినిపింప వచ్చినచో చేతిలోని పని ఆపి చివరిదాక వినుడు. బాగున్నచో బాగున్నదనుడు, లేకున్న ఎచట తప్పినదో చెప్పుడు.

పెరుమాళ్లపాడు గుడిని బయటపెట్టినది ముందుగా పార కాదు. అచట గుడి కలదని పెద్దలు చెప్పగా పిన్నలు చెవియొగ్గి విన్న మాట. మా మేనత్త రెండవ పాటను గురించి మాకు అట్లు చెప్పగలవారు నేడు లేరు. మీ ఇంట ఇంకను ఉన్నారేమో, ఈ పూటనే అడుగుడు.