గవ్వలు, గింజలు, కాయలు

అష్టా చెమ్మాలో గడినుండి గడికి నడచు వస్తువును మనము కాయ యందుము. అది నడిగడి చేరినచో పండినదందుము. గాజుముక్క పండుటేమి, బలపపు ముక్క పండుటేమి? అయినను జనగామ మొదలు భూపాలపల్లి వరకు ఏ అరుగు మీద ఆడుకొను పిల్లవాడును ఈ మాటకు విస్తుపోడు.

ఇట్టి ఆటలలో వేయు వస్తువులు వేరు, నడచు వస్తువులు వేరు. నడచుదానికి సంస్కృతమున శారి యని పేరు, తెలుగున సారె. వేయుదానికి అక్షమని పేరు. అక్షమనగా తానికాయ యనియు నర్థము గలదు. ఋగ్వేదము పదవ మండలమందలి అక్షసూక్తములో జూదరిని చెరచినవి ఈ కాయలే. త్రిఫలములలో కరక్కాయ, ఉసిరికాయలతో కూడునది ఇదియే గనుక మీకు క్రొత్త గాదు. విరాటపర్వము నాటికి కంకుని వేషమున ధర్మరాజు కొనిపోవ దలచిన పాచికలు వైడూర్యముతో, బంగారముతో, దంతముతో చేసినవి. అడవిలో రాలిన కాయకు రాజసభలో దంతము బదులు వచ్చినది. మన కాయ యను మాటలో ఆ అడవికాయ వాసన మిగిలియున్నదని నా యూహ.

గవ్వల చరిత్ర వేరు. సముద్రము మనకు మిక్కిలి దూరము. మాల్దీవులనుండి ఓడలలో వచ్చిన గవ్వలు వంగదేశమున 19వ శతాబ్ది ఆరంభము వరకు నాణెములుగా చెల్లినవి. చిల్లిగవ్వయైన లేదని నేటికిని అనుచున్నాము గదా! గవ్వలు కొనలేని యింట చింతగింజను రెండుగా పగులగొట్టి, లోపలి తెల్లదనము కనబడునట్లు రాతిపై అరగదీసెడివారు. పని ఒకటియే.

ఆ పని యెట్టిదో కొంచెము లెక్కించి చూడుడు. గవ్వ బోర్ల పడుటయు, వెల్లకిల పడుటయు సమానమని యెంచినచో నాలుగు గవ్వలు పడు రీతులు 16. అందు రెండు పడుటకు 6 రీతులు. ఒకటికి 4, మూడింటికి 4. చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. కావున పగవాని కాయకు సరిగా రెండు గళ్ళ ముందు తన కాయను నిలుపుట తెలివితక్కువ. మా నాయనమ్మ బడి మొగ మెరుగదు గాని, ఆ తప్పు ఏనాడును చేయలేదు.

మా యింట సుద్దతో గీసిన 25 గళ్ళ చుట్టును నలుగురము కూర్చుండెడివారము. తలకు నాలుగు కాయలు. అక్కకు ఎఱ్ఱగాజు ముక్కలు, నాకు కందిగింజలు, అమ్మకు పచ్చగాజు ముక్కలు. నాయనమ్మ మొదట నల్లగాజు ముక్కలతో ఆడెడిదట. తాతగారు పోయిన పిదప గాజుముక్కను ఆటలోనైనను ముట్టలేదు. బలపపు ముక్కలు పెట్టుకొనెడిది. మేమెవ్వరమును కారణ మడుగలేదు. కాయ యనగా ఆడువారే యని నాకప్పుడే తెలిసినది.

అక్బరు పాదుషా ఫతేపూరు సిక్రీలో నేలమీద పెద్ద పచ్చీసు పటము పరపించి, దాసీజనమునే కాయలుగా నడిపించెనని చెప్పుకొందురు. అది ఏలికల వినోదము. ఆంగ్లేయులు ఆ పచ్చీసునే సంక్షేపించి, లూడో యను పేర 1896లో తమ దేశమున హక్కు పొందిరి. గవ్వలు పోయి ఆరు ముఖముల పాచిక వచ్చినది. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చలు నిలిచినవి. పచ్చీసునందలి నలుపు పోయి నీలము వచ్చినది. రంగు మారుటవలన నష్టము లేదు. పాచిక మారుటతో మాత్రము ఆట స్వభావమే మారినది: ఒకటి పడుటకును ఆరు పడుటకును భేదము లేదు గనుక మా నాయనమ్మ యెరిగిన రెండు గళ్ళ భయము లూడోలో లేదు. దానిని సులువందురు. నేను లోపమందును.

తరువాత ప్లాస్టికు కాయలు వచ్చినవి. ఒకటి పోయినచో చొక్కా గుండీ పెట్టి ఆడవచ్చును. కావున వానితో నాకు వైరము లేదు. ఇప్పుడు ఫోనులో కాయ బొమ్మ యైనది, పాచికయు బొమ్మ యైనది. వేయు చేయి కనబడదు. శకుని చేయియైనను సభలో నలుగురికి కనబడినది! పణమొడ్డి ఆడు అంతర్జాల క్రీడలను మన రాష్ట్రము 2017లో చట్టము సవరించి నిషేధించుట ఊరక జరిగినది కాదు.

మీ యిండ్లలో పాత సందుకల అడుగున కొయ్య సారెలుగాని, అరగదీసిన చింతగింజలుగాని యున్నచో పారవేయకుడు. ఏవి యెవరివో మనుమలకు చెప్పి యుంచుడు. మా నాయనమ్మ బలపపు ముక్కలు నాలుగింటిలో రెండు నాయొద్ద నున్నవి.