ఆదిలాబాద్ డోక్రా ప్రతిమలు: అసలు, నకలు గుర్తింపు

ఆదిలాబాద్ డోక్రా అనేది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఓజా కళాకారులు మైనపు పోత పద్ధతిలో చేసే ఇత్తడి పని. ఉట్నూర్‌ ప్రాంతానికి పొరుగున, జైనూర్ మండలంలో ఉన్న ఉషేగాం దీనికి పేరుపడ్డ ఊరు. గోండుల దేవతా మూర్తులు, గంటలు, దీపాలు ఓజాలు తరతరాలుగా పోసి ఇస్తున్నారు. 2018లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఏ ప్రతిమనైనా పరీక్షించేటప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా తేల్చాలి: అది మైనపు పోతేనా? నిజంగా పాతదేనా? నిన్న ఉషేగాంలో పోసిన ఏనుగు అసలైన డోక్రాయే, పురావస్తువు మాత్రం కాదు.

తయారీ

మట్టితో లోపలి రూపం చేసి, దానిమీద మైనపు తీగలు చుడతారు. పైన మెత్తటి మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చును పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ.

పోత గుర్తులు

భూతద్దంలో చూస్తే తీగ చివరలు అతికిన చోట్లు, ఒక చుట్టు మరో చుట్టు మీదికి ఎక్కిన చోట్లు కనిపిస్తాయి. తిరగేస్తే బోలులో కాలిన నల్లమట్టి, ఇత్తడి పోసిన దారిని కోసి అరగదీసిన మచ్చ ఉండవచ్చు. ఇసుక అచ్చులో పోసినదానికి రెండు సగాలు కలిసిన చోట అతుకు గీత పడుతుంది. ఆ గీతను ఆకురాయితో అరగదీస్తే దానితోపాటు నగిషీ కూడా చెరిగిపోతుంది.

అసలు బొమ్మ నుంచే అచ్చు తీసి పోసిన నకలు కొలతలో దొరికిపోతుంది. ఇత్తడి చల్లారేటప్పుడు సుమారు 1.5 శాతం కుంచించుకుపోతుంది. అంటే 20 సెంటీమీటర్ల బొమ్మ నకలు దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది, గీతలు మొద్దుబారతాయి. ఒకే లోపం ఒకేచోట ఉన్న రెండు బొమ్మలు ఎదురైతే కనీసం ఒకటి నకలే.

వయసు నిర్ణయం

పాతదనపు నలుపును రసాయనాలతో ఒక్కరోజులో తెప్పించవచ్చు. ఏళ్ల తరబడి పూజలందుకున్న మూర్తికి ముక్కు, భుజాలు, మోకాళ్లు నునుపుదేలతాయి. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు సందుల్లో గట్టిపడతాయి. చేయి చొరని సందుల్లోనూ అరుగుదల ఉంటే అనుమానించాలి. నలుపు ఒంటరిగా సాక్ష్యం కాదు.

బోలులో మిగిలిన మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష అంచనా కడుతుంది.

చట్టం

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ప్రతిమ పురావస్తువు. దాన్ని వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు.

భద్రపరచడం

చింతపండుతో తోమి, లోపలి మట్టి గోకేస్తే బొమ్మ మెరుస్తుంది. కానీ దాని వయసు చెప్పగల జిడ్డు, మట్టి రెండూ పోతాయి.