క్రిస్మస్ నాటి చారలు

1984 డిసెంబరు 25. అమెరికా అంతా పండగ సెలవులో ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ల్యాబుకు మాత్రం ఓ విద్యార్థిని వచ్చింది. పేరు కరోల్ గ్రైడర్, వయసు 23. ఎక్స్‌రే ఫిల్ము కడగాలి. మర్నాటి దాకా ఆగొచ్చు. ఆగలేకపోయింది.

ఫిల్ము మీద చారలు తేలాయి. ఒకదానిపైన ఒకటి, మెట్లు కట్టినట్టు. మెట్టుకీ మెట్టుకీ తేడా సరిగ్గా ఆరు డీఎన్ఏ అక్షరాలు.

ఆ ఆరు ఎందుకంత ముఖ్యం? అంతకు కొన్నేళ్ల ముందు యేల్ విశ్వవిద్యాలయంలో, జోసెఫ్ గాల్ దగ్గర పనిచేస్తూ బ్లాక్‌బర్న్ ఒక ఏకకణ జీవి డీఎన్ఏ కొసలను చదివింది. దాని పేరు టెట్రాహైమెనా. చెరువు నీళ్లలో ఈదులాడుతుంది. మన కణంలో 46 క్రోమోజోములు, అంటే 92 కొసలు. టెట్రాహైమెనా మాత్రం తన క్రోమోజోములను ముక్కలు చేసుకుని వేల కొసలతో బతుకుతుంది. కొసలను చదవాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి జీవి దొరకదు. ప్రతి కొసలోనూ ఆమెకు ఒకటే పాట కనిపించింది: టీ, టీ, జీ, జీ, జీ, జీ. మళ్లీ అదే, మళ్లీ అదే. తువ్వాలు అంచు పోగులు ఊడిపోకుండా వేసే ముడుల్లాగా ఇవి క్రోమోజోమును కాపాడతాయి. వీటినే టెలోమియర్లు అంటారు.

చిక్కేమిటంటే, కణం విడిపోయే ముందు డీఎన్ఏకు నకలు తీసే యంత్రాంగం కొస చివరిదాకా వెళ్లలేదు. ప్రతిసారీ కాస్త తరుగుతుంది. అలా తరుగుతూ పోతే టెట్రాహైమెనా వంశం ఎప్పుడో అంతరించాలి. కానీ అది హాయిగా ఈదుతూనే ఉంది. 1982లో బ్లాక్‌బర్న్, మరో శాస్త్రవేత్త జాక్ షోస్టాక్ కలిసి దాని కొసలను తీసుకెళ్లి ఈస్ట్ కణంలో పెట్టారు. ఈస్ట్ వాటికి తన సొంత అక్షరాలు తగిలించింది! అంటే తగిలించేదేదో కణంలో ఉంది. దాన్ని చూసినవాళ్లు లేరు.

దాన్ని పట్టుకుంటానని గ్రైడర్ తనంతట తానే అడిగి ఆ పని తీసుకుంది. చిన్నప్పటి నుంచి ఆమెకు డిస్లెక్సియా, అంటే చదవడంలో, రాయడంలో తడబాటు. ప్రవేశ పరీక్షలో మార్కులు బాగా రాక చాలా విశ్వవిద్యాలయాలు ఆమెను కాదన్నాయి. మార్కుల జాబితా చూసి మనిషిని తూచే అలవాటు మనకొక్కరికే ఉన్నది కాదన్నమాట.

ప్రయోగం పైకి చిన్నదే. టెట్రాహైమెనా కణాలను చిదిమి రసం తీయాలి. కృత్రిమంగా తయారుచేసిన చిన్న డీఎన్ఏ కొసను అందులో వేయాలి. రేడియోధార్మిక భాస్వరం అంటించిన అక్షరాలను జోడించాలి. కొస పొడుగైతే జెల్‌లో చారలుగా విడిపోయి ఫిల్ము మీద పడుతుంది. నెలల తరబడి కుదరనిది ఆ పండగ రోజున కుదిరింది. ఇంటికెళ్లి బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’ పెట్టుకుని గంతులేసింది.

తర్వాత మొదలైంది అసలు పని: తనను తానే నమ్మకపోవడం. రసంలో మిగిలిన మామూలు నకలు ఎంజైమే ఏదైనా డీఎన్ఏను చూసి రాసి మోసం చేస్తోందేమో? ఈసారి ఈస్ట్ కొసను వేసి చూసింది. టెట్రాహైమెనా రసం దానికి కూడా తన ఆరక్షరాల పాటనే తగిలించింది. 1985 డిసెంబరులో ‘సెల్’ పత్రికలో వ్యాసం వచ్చింది. కొసలకు అక్షరాలు తగిలించే ఆ ఎంజైమ్‌కు టెలోమెరేజ్ అనే పేరు ఆ తర్వాత స్థిరపడింది. అది ఒంటరి ప్రొటీను కాదు, లోపల ఆర్ఎన్ఏ ముక్క ఉందని 1987లో తేల్చారు. 1989లో ఆ ముక్కను చదివారు. ఏం రాయాలో ఎంజైమ్ అందులో చూసే రాస్తుంది.

2009లో నోబెల్ ఫోను వచ్చేసరికి గ్రైడర్ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బ్లాక్‌బర్న్, షోస్టాక్‌లతో కలిపి ముగ్గురికీ బహుమతి.

మందుల కథ మరో దారిన నడిచింది. మన ఒంట్లోని చాలా కణాల్లో ఈ ఎంజైమ్ పనిచేయదు. క్యాన్సర్ విషయంలో మాత్రం నూటికి దాదాపు 90 కణితుల్లో మేల్కొని ఉంటుందని 1994లో తేలింది. ఇంకేం, దీన్ని ఆపేస్తే అన్ని క్యాన్సర్లకూ ఒకే తాళంచెవి దొరికినట్టేనని ఆశలు రేగాయి. అవి తొందరపాటు ఆశలు. ఎంజైమ్‌ను ఇవాళ ఆపితే క్యాన్సర్ కణం ఇవాళే చావదు. ఉన్న కొస అరిగేదాకా విడిపోతూనే ఉంటుంది, ఈలోగా కణితి పెరుగుతుంది. పైగా ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే మూలకణాలకూ ఈ ఎంజైమ్ కావాలి. కొన్ని కణితులు దీనితో పని లేకుండా వేరే దారిలో కొసలు పొడిగించుకుంటాయి కూడా.

జెరాన్ కంపెనీ మందు ఇమెటెల్‌స్టాట్ తయారైన తీరు ముచ్చటైనది. 13 అక్షరాల చిన్న గొలుసు, దానికో కొవ్వు తోక. అది వెళ్లి ఆ ఆర్ఎన్ఏ మూసను అతుక్కుంటుంది. చూసి రాయడానికి ఎంజైమ్‌కు ఇక ఏమీ కనిపించదు. 2014 మార్చిలో కాలేయ పరీక్షల ఫలితాలు చూసి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రయల్స్ ఆపించింది, అదే ఏడాది చివర్లో మళ్లీ అనుమతించింది. అప్పుడే చేతులు కలిపిన జాన్సెన్ కంపెనీ 2018లో తప్పుకుంది.

చివరికి 2024 జూన్‌లో అనుమతి వచ్చింది. అదీ ఊహించిన కణితులకు కాదు, మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే రక్త వ్యాధికి. ఈ వ్యాధి ఉన్నవాళ్లకు మజ్జ సరిగా పనిచేయక తరచూ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. 178 మందిపై జరిగిన మూడో దశ ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో 39.8 శాతం మంది కనీసం ఎనిమిది వారాలు రక్తం ఎక్కించుకోకుండా ఉండగలిగారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 15 శాతం. ఇది నాలుగు వారాలకోసారి నరంలోకి ఎక్కించే మందు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి కాబట్టి రక్తపరీక్షలు వదలకుండా చేయాలి.

మైలోఫైబ్రోసిస్ అనే మరో మజ్జ వ్యాధిపై కూడా పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. అక్కడ రక్తం సీసాల లెక్క కాదు చూసేది, మందు తీసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారా లేదా అన్నదే.