గ్లూవైన్ గిన్నెలో మిరియాలు

డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ డ్రెస్డెన్‌లో ఏ సూపర్ మార్కెట్‌కెళ్ళినా చిన్న చిన్న పొట్లాలు వేలాడుతుంటాయి. గ్లూవైన్ మసాలా అట. విప్పి చూస్తే దాల్చినచెక్క, లవంగాలు, అనాసపువ్వు, ఎండిన నారింజ తొక్క. తొక్క సంగతి వదిలేస్తే మిగతావన్నీ మనం పలావులోకి వేసేవే. నేనైతే ఆ పొట్లం ఎప్పుడూ కొనలేదు. ఇంట్లో డబ్బానిండా ఉన్నవాటికి డబ్బులు పోయడానికి నాకు మనసొప్పదు.

మసాలా వేసి వేడిచేసిన వైన్‌ని జర్మన్లు గ్లూవైన్ అంటారు, ఇంగ్లీషువాళ్ళు మల్డ్ వైన్ అంటారు. ఈ ఊళ్ళో క్రిస్మస్ సంత 1434లో మొదలైంది. చలికి వణుకుతూ సంతలో నిలబడి, కప్పుకి డిపాజిట్ కట్టి మరీ ఆ వేడి వైన్ తాగుతారు జనం. గిన్నెలోని సరుకు మాత్రం సంత కంటే చాలా పాతది.

అపీసియస్ పేరుమీద మనదాకా వచ్చిన రోమన్ వంటపుస్తకం ఒకటుంది. అందులో మొట్టమొదటి వంటకమే మసాలా వైన్. ఆ కొలతలు మన లెక్కలోకి మార్చి చూశాను: సుమారు 11 లీటర్ల వైన్‌కి 5 కిలోల తేనె, 100 గ్రాములకి పైగా మిరియాలు! కుంకుమపువ్వు, వేయించిన ఖర్జూరం గింజలు కూడా పడతాయి. ముందు తేనెలో కాస్త వైన్ పోసి సన్నటి సెగమీద కాయాలి. పొంగొస్తే ఇంకాస్త వైన్ చిలకరించి అణచాలి. చల్లారాక మళ్ళీ రెండుసార్లు కాచి, మర్నాడు తెట్టు తియ్యాలి. బెల్లప్పాకం పట్టేవాళ్ళెవరికైనా ఈ పని చెప్పకుండానే అర్థమౌతుంది. వాళ్ళు దాన్ని వేడివేడిగా తాగారో లేదో గానీ కాయడం మాత్రం కాచారు. దాని పక్కనే ప్రయాణాల్లో పట్టుకెళ్ళే మిరియాల తేనెవైన్ కూడా రాసి ఉంది. మనం ఊరికెళ్తే పులిహోర కట్టుకున్నట్టన్నమాట.

ఆ మిరియాలన్నీ మన మలబారు తీరం నుంచి ఓడల్లో పోయినవే. ప్లినీ అనే రోమన్ రచయితకి ఇది మహా కడుపుమంట. ఘాటు తప్ప ఏమీలేని ఈ గింజ కోసం ఇండియా దాకా పోవాలా అని విసుక్కున్నాడు. పౌను మిరియాలు 4 దెనారీలు, పిప్పళ్ళు 15 దెనారీలు అని ధరలు కూడా రాసిపెట్టాడు. అటునుంచి వైన్ జాడీలు ఇటొచ్చేవి. కేరళలో పట్టణం అనే ఊళ్ళో తవ్వితే వాటి పెంకులు బోలెడు దొరికాయి. అన్నట్టు, మా అత్తయ్యవాళ్ళ నెల్లూరు దగ్గర కూడా 18వ శతాబ్దం చివర్లో పొలం దున్నుతున్న ఒక రైతుకి పాడుబడిన గుడి కింద ఓ కుండ దొరికింది, అందులో రోమన్ బంగారు నాణేలు! అవి మిరియాలకే వచ్చాయని అననుగానీ, ఆ రాకపోకల్లోవే.

తర్వాత యూరప్‌లో దీనికి వైద్యం పేరు తగిలింది. మసాలా వైన్‌ని వడకట్టే గుడ్డసంచిని హిప్పోక్రటీస్ చొక్కాచెయ్యి అనేవారు. అలా వైద్యుడి పేరే పానీయానికి వచ్చి హిప్పోక్రాస్ అయింది. అరుగుదలకి మంచిదని భోజనం చివర తాగేవారు. ఇక మా ఊరి పక్కనే రాడెబాయిల్‌లో ఉన్న వాకర్‌బార్త్ అనే జమీందారు 1834లో రాసుకున్న గ్లూవైన్ కొలత ఒకటి బయటపడింది. అది ఎర్ర వైన్‌తో కాదు, తెల్ల వైన్‌తో.

ఇంత చరిత్ర చదివిన ఉత్సాహంతో మొన్న చలికాలం మావారి ఆఫీసువాళ్ళు వస్తున్నారని లీటరు వైన్ పొయ్యిమీద పెట్టాను. మూడు నెలలు ఉండడానికి వచ్చిన అత్తయ్య ఘుమఘుమలకి వంటింట్లోకొచ్చి, "ఏందమ్మే, కషాయమా? జలుబెవురికి?" అనడిగింది. చెప్పాను. మారుమాట్లాడకుండా గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

అత్తయ్యది దూబగుంటకి దగ్గరి పల్లె. అక్కడ అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికెళ్ళిన ఆడవాళ్ళు, రోశమ్మలాంటివాళ్ళు, ముందు తమ ఊరి సారా కొట్టు మూయించారు. 1992కల్లా నెల్లూరు జిల్లా అంతా ఆడవాళ్ళు సారా వేలంపాటలకి అడ్డం పడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధం 1997లో పోయింది. ఇదంతా నాకు తెలిసిందే. ఆ గుంపులో అత్తయ్య కూడా ఉందని మాత్రం మావారు కూడా నాకెప్పుడూ చెప్పలేదు. చుట్టాలు వెళ్ళాక ఆ రాత్రి ఆవిడే చెప్పింది. కూలి డబ్బులు కొట్టుకే పోయిన రోజులు, పిల్లాణ్ణి చంకనేసుకుని కొట్టు ముందు కూచున్న రోజులు. ఆ పిల్లాడే మావారు. "మీ ఇంటికొచ్చినోళ్ళు మంచోళ్ళే అమ్మే. ఆ ఆవిరిలో నాకు మాత్రం మీ మావయ్యే కనపడతాడు" అంది.

నేను వాదించలేదు. ఇది పండగ పానీయం, అది వేరు, ఇది వేరు అని చెప్పొచ్చు. కానీ వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లు అమ్మిన కాలం చూసిన మనిషికి ఆ తేడా చెప్పడానికి నేనెవర్ని? ఆవిడున్నన్నాళ్ళూ మా ఇంట్లో పిల్లల పంచే కాగింది. ఇక్కడ దానికీ ఒక సంప్రదాయం ఉంది, కిండర్‌పున్ష్ అంటారు.

అది ఇలా: అరలీటరు యాపిల్ రసం, అరలీటరు ఎర్ర ద్రాక్షరసం, అరలీటరు మందార టీ. అంగుళం దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, ఒక అనాసపువ్వు, రెండు నారింజ చక్రాలు. పావుగంట సన్నసెగ చాలు. వైన్‌తో చేసుకునేవాళ్ళు మాత్రం మరగనివ్వకండి, ఆవిర్లు రాగానే దించెయ్యండి. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది కదా, కాస్త కాస్తే అంతా పోతుందని కొందరనుకుంటారు. పోదు, చాలావరకు గిన్నెలోనే ఉంటుంది. అందుకని పిల్లల గిన్నె వేరే పెట్టాల్సిందే.

ఆ మందార టీ అంటే నిజానికి మన ఎర్ర గోంగూర కాయ మీదుండే పుల్లటి తొడుగు. అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని వెంటనే గుర్తుపట్టింది. జర్మన్లు వెయ్యకపోయినా నేను నాలుగు మిరియాలు దంచి వేస్తాను. ఇంకో రెండు వెయ్యమంది ఆవిడ.