పీర్ల గుండం చుట్టూ ఒక పాత వాదన

అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ కుళ్ళాయిస్వామి పీరు దగ్గరికి కదులుతాయి. మొక్కుకున్నవాళ్లు నిప్పుల గుండం తొక్కుతారు, చక్కెర చదివిస్తారు. వారిలో ఎక్కువమంది హిందువులే. ఇది ఇస్లాం సంప్రదాయమేనా? భారతదేశంలో అల్పసంఖ్యాకులైన ముస్లింల మధ్య ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు.

దక్కన్‌కు చెందిన జాఫర్ షరీఫ్ రాసిన 'కానూన్-ఎ-ఇస్లాం'ను వైద్యుడు హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. పుట్టుక నుంచి చావు దాకా దక్కన్ ముస్లింల ఆచారాలన్నీ అందులో ఉన్నాయి. నమాజు, మొహర్రం పీర్లు, తాయెత్తులు ఒకే పుస్తకంలో ఇమిడిపోయాయి. వాటి మధ్య గోడ కట్టాలని ఆ రచయితకు తోచినట్టు లేదు.

1857 తర్వాత గోడలు లేచాయి. మొగలు పాలన పోయింది, మతాన్ని కాపాడే రాజు లేడు. ఆ భారం ప్రతి ముస్లిం విశ్వాసం మీదే పడిందని భావించిన ఉలేమాలు (మత పండితులు) 1866లో దేవబంద్ మదర్సా పెట్టారు. చందాలతో నడిచే బడి, ఫత్వాలు, అచ్చు పుస్తకాలు వారి సాధనాలు. దర్గాల్లో అతి పోకడలను ఖండించినా, వారిలో పెద్దలు స్వయంగా సూఫీ గురువులే. బరేలీకి చెందిన పండితుడు అహ్మద్ రజా ఖాన్ (1856–1921) మీలాదునూ (ప్రవక్త జయంతి), వలీల (సూఫీ మహనీయుల) మహిమనూ గ్రంథాల ఆధారంతోనే సమర్థించాడు. అయితే తాజియాలను (మొహర్రం ఊరేగింపుల్లో మోసే సమాధి నమూనాలను) ఆయన కూడా ఒప్పుకోలేదు. దేవబంద్‌ది పుస్తకం, బరేలీది జానపదం అని తేల్చేసేవారు ఈ మాట మరిచిపోతారు.

విశ్వవిద్యాలయాల్లో ఈ తగువు 1981లో కొత్త రూపం తీసుకుంది. గ్రంథోక్త ధర్మం, స్థానిక ఆచారం ఒకే వ్యవస్థలో కలిసి బతుకుతాయని సమాజశాస్త్రవేత్త ఇంతియాజ్ అహ్మద్ అన్నారు. శతాబ్దాల కాలంలో గ్రంథ ఆదర్శమే క్రమంగా పైచేయి సాధిస్తూ వచ్చిందని చరిత్రకారుడు ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1983లో బదులిచ్చారు. మరుసటి ఏడాది మానవశాస్త్రవేత్త వీణా దాస్ కూడా చర్చలోకి దిగారు. ఖురాన్, హదీసులతో ముడిపడి తరతరాలుగా సాగే వాదనల పరంపరగానే ఇస్లాంను చూడాలని 1986లో మానవశాస్త్రవేత్త తలాల్ అసద్ ప్రతిపాదించారు. ఈ మాటే ఊళ్లకు దగ్గరగా ఉంది. అక్కడ ఆచారమూ ఉంటుంది, దాన్ని ప్రశ్నించే గొంతూ ఉంటుంది.

తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ గూగూడు పీర్ల మీద రాసిన పుస్తకం 2013లో వెలువడింది. గుండం తొక్కేవారి భక్తిని ఎంత శ్రద్ధగా విన్నారో, అసలైన ఇస్లాం ఇది కాదనే సంస్కరణవాదుల మాటనూ ఆయన అంతే శ్రద్ధగా విన్నారు. ఆ రెండు గొంతులూ ఒకే ఊరివి.