రాని యంత్రదూతలు – అనుపలబ్ధి విచారము

1980వ సంవత్సరమున ఫ్రాంక్ టిప్లర్ అను అమెరికా భౌతికశాస్త్రవేత్త, భూమికి వెలుపల బుద్ధిజీవులు లేరని లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ త్రైమాసిక పత్రికలో వాదించెను. తన వంటి యంత్రమును తానే నిర్మించుకొనగల యంత్రము తర్కసాధ్యమని గణితజ్ఞుడు జాన్ వాన్ న్యూమన్ 1940ల చివరనే చూపియుండెను. అట్టిది ఒక నక్షత్రమును చేరి, అచ్చటి లోహశిలలతో తన ప్రతిరూపములను చేసి, వానిని తరువాతి నక్షత్రములకు పంపును. ఒకటి రెండై, రెండు నాలుగై, 30 కోట్ల సంవత్సరములలోపే పాలపుంత యంతయు నిండునని టిప్లర్ గణన. పాలపుంత వయస్సో, 1,000 కోట్ల సంవత్సరములకు పైమాట. ఐనను ఒక్క యంత్రమును కానరాలేదు. కావున పంపువారే లేరు.

ఇది శుద్ధమైన అనుపలబ్ధి వాదము. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ఆరవ ప్రమాణముగా అంగీకరించిరి. కాని నియమము కలదు. వెలుగున్న చోట, ఘటము ఉన్నచో తప్పక కనబడవలసి యుండియు కనబడనప్పుడే "భూతలమున ఘటము లేదు" అనుట చెల్లును. చీకటిగదిలో చెల్లదు. యోగ్యానుపలబ్ధియే ప్రమాణము.

1983లో కార్ల్ సేగన్, విలియం న్యూమన్ అదే పత్రికలో ప్రత్యుత్తరమిచ్చిరి. ఈ యంత్రముల వృద్ధి అదుపు తప్పినచో పాలపుంతలోని ద్రవ్యమునంతటిని అవియే భక్షించును. కనుక వివేకవంతులు వానిని సృజింపరు, అన్యులు సృజించినను వ్యాపింపనీయరు. దేవీమాహాత్మ్యమందలి రక్తబీజుడు ఇచ్చట స్ఫురింపక మానడు. నేలపై పడిన ప్రతి రక్తబిందువునుండి మరియొక అసురుడు పుట్టుచుండగా, కాళి ఆ రక్తమును నేల చేరకముందే పానము చేయవలసి వచ్చెను.

ఐనను సేగన్ వాదము పూర్ణము కాదు. అందరును ఎల్లకాలము వివేకులై యుండవలెను. ఒక్క అవివేకి చాలును, వాదము కూలుటకు. బలమైన ఆక్షేపము 1985లో ఇకారస్ పత్రికలో రాబర్ట్ ఫ్రీటాస్ చేసినది: సౌరకుటుంబమునే మానవులు సరిగా వెదకలేదు, ఇక విరోధమెక్కడిది? కుజ గురు గ్రహముల నడుమ కిలోమీటరుకు మించిన శిలలే పది లక్షలకు పైగా ఉన్నవని అంచనా. నౌకలు దగ్గరగా చూచినవి అందు లవలేశము. యోగ్యత యింకను సిద్ధింపలేదు.

ఈ వివాదము పత్రికలకే పరిమితము కాలేదు. నక్షత్రలోకమునుండి రేడియో సంకేతములను వెదకు నాసా ప్రయత్నమునకు 1981లో సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ నిధులు నిలిపించెను. సేగన్ స్వయముగా కలిసి నచ్చజెప్పిన పిమ్మట అవి తిరిగి లభించెను. 1993లో మరల ఆగినవి.