కెనడావాళ్ళ పుస్తక బహుమతులు, మన ఉగాది బహుమతి



పోయిన కార్యవర్గ సమావేశంలో ఉగాదికి పుస్తక బహుమతి పెట్టాలని నిర్ణయించాం. మనవాళ్ళు తెలుగులో రాసినా తమిళంలో రాసినా తీసుకుందాం అన్నారు. అంతవరకు బాగుంది. అయితే ఎంపిక చేసే ముగ్గురిలో ఇద్దరికి తెలుగు అక్షరాలు రావు. మూడోవాణ్ణి నేను. నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట తెలుగే అయినా అక్షరాలు యాభై దాటాకే నేర్చుకున్నాను. ఇప్పటికీ కూడబలుక్కుంటూ చదువుతాను. అందుకని తెలుగు రచనలకు తమిళంలో సారాంశం రాసి, దాన్ని చూసి మార్కులు వేద్దామని తీర్మానం చేశాం. దానికి చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం దూరం పోవాలి. ఓపికగా చదవండి.

మనం చెయ్యబోయిన పనిని ఇరవై ఏళ్ళకు పైగా చేసిన దేశం ఒకటుంది. అది కెనడా. మా అమ్మాయి మాంట్రియల్‌లో కాపురం ఉంటే ఆర్నెల్లు అక్కడ ఉండి వచ్చాను. రైల్లో ప్రతి ప్రకటనా ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి వినిపిస్తుంది. రైల్వే ఉద్యోగం చేసినవాణ్ణి గనక మొదట నా చెవిన పడింది అదే. ఇదంతా ఎప్పటినుంచని అడిగి, చదివి తెలుసుకున్న సంగతుల్లో ఈ బహుమతుల కథ ఒకటి.

కెనడాలో పుస్తకాలకు ఇచ్చే పాత జాతీయ గౌరవం గవర్నర్ జనరల్ సాహిత్య పురస్కారం. గవర్నర్ జనరల్ అంటే మన దేశంలో రాజాజీ చివరగా కూర్చున్న పదవి లాంటిదే. 1936లో అక్కడి రచయితల సంఘం ఈ పురస్కారం మొదలుపెట్టింది. అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ ట్వీడ్స్‌మ్యూర్ అసలు పేరు జాన్ బకన్, ఆయన కూడా నవలలు రాసినవాడే. పేరుకు దేశమంతటికీ బహుమతి. కానీ చూసేది ఇంగ్లీషు పుస్తకాలను మాత్రమే. దేశంలో లక్షలమంది ఫ్రెంచి మాట్లాడతారు, ఫ్రెంచిలో నవలలు రాస్తారు. వాళ్ళ పుస్తకం లెక్కలోకి రావాలంటే ముందు ఇంగ్లీషులోకి తర్జుమా కావాలి.

అలా వచ్చినవీ ఉన్నాయి. రింగే అనే కలం పేరుతో రాసిన ఒక డాక్టరు నవల 1938లో ఫ్రెంచిలో అచ్చయింది. 1940లో ఇంగ్లీషు తర్జుమా వచ్చాకే దానికి బహుమతి వచ్చింది. అయితే నేను చెప్పదలచుకున్నది గాబ్రియెల్ రాయ్ అనే ఆమె కథ. ఆమె కథ మన కథకు చాలా దగ్గర.

ఆమె 1909లో మానిటోబా రాష్ట్రంలో సెయింట్ బోనిఫేస్ అనే ఊళ్ళో పుట్టింది. ఊరు ఫ్రెంచివాళ్ళది, చుట్టూ రాష్ట్రం ఇంగ్లీషువాళ్ళది. 1916లో ఆ రాష్ట్ర ప్రభుత్వం రెండు భాషల బళ్ళను చట్టం చేసి ఎత్తేసింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పిల్లలు ఫ్రెంచి పుస్తకాలు దాచిపెట్టేవాళ్ళట. 2006లో మన రాష్ట్రంలో తమిళ అభ్యాస చట్టం వచ్చాక మన పిల్లల సంగతి ఏమైందో తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. తమిళం మీద నాకు కోపం లేదు. నాకు కూడు పెట్టిన భాష అది. కానీ ఒకటి నేర్చుకోవాలంటే ఇంకొకటి దాచిపెట్టాల్సిన పని లేదని అంటున్నాను.

ఆమె కొంతకాలం బళ్ళో పాఠాలు చెప్పింది. తరువాత మాంట్రియల్ చేరి, పేదలుండే సెయింట్ హెన్రీ పేట మీద ఫ్రెంచిలో నవల రాసింది. రైలు పట్టాల పక్కన ఉండే పేట అది. నవల 1945లో వచ్చింది. న్యూయార్క్‌లో ‘ది టిన్ ఫ్లూట్’ అనే పేరుతో తర్జుమా అచ్చయింది. 1947లో ఆ ఇంగ్లీషు పుస్తకానికి గవర్నర్ జనరల్ బహుమతి ఇచ్చారు. అదే ఏడు ఫ్రాన్సు దేశంవాళ్ళు ఆమె ఫ్రెంచి పుస్తకానికి ఫెమీనా బహుమతి ఇచ్చారు. అంటే ఆమె రాసిన మాటలకు గౌరవం సముద్రం అవతల దొరికింది. సొంత దేశంలో దొరికింది తర్జుమా మాటలకు.

ఆ తర్జుమాలో ఒక తమాషా ఉంది. కెనడా ఫ్రెంచిలో ‘పూద్రెరీ’ అంటే గాలికి ఎగిరి కళ్ళలో కొట్టే పొడి మంచు. ఫ్రాన్సు ఫ్రెంచిలో అదే మాటకు తుపాకి మందు చేసే ఫ్యాక్టరీ అని అర్థం. తర్జుమా చేసినామె అమెరికావాసి, నిఘంటువులో ఉన్న అర్థం తీసుకుంది. మంచు గాలి వీచే చోట మందు ఫ్యాక్టరీ పేలిపోయింది! బహుమతి వచ్చింది ఆ పుస్తకానికే. 1980లో ఇంకొకరు కొత్తగా తర్జుమా చేసేదాకా ఇంగ్లీషువాళ్ళు చదివింది కూడా అదే.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కాట్పాడి లాంటి జంక్షన్లలో మీటర్ గేజి వ్యాగన్‌లో వచ్చిన సరుకును బ్రాడ్ గేజి వ్యాగన్‌లోకి మార్చేవాళ్ళు. పట్టాల వెడల్పు వేరు గనక అది తప్పదు. కానీ మూటలు మార్చేటప్పుడు చినిగేవి చినుగుతాయి, కారేవి కారుతాయి. చేరిన మూటను చూసి, పంపినవాడు ఎంత బాగా కట్టాడో ఎవరూ చెప్పలేరు.

కెనడావాళ్ళు దీన్ని 1959లో సరిదిద్దుకున్నారు. రెండేళ్ళ ముందు ఏర్పడిన కెనడా కౌన్సిల్ ఈ బహుమతుల బాధ్యత తీసుకుని, ఫ్రెంచి పుస్తకాలకు వేరుగా బహుమతులు పెట్టింది. ఆ ఏడు ఫ్రెంచి నవలకు మొదటి బహుమతి ఆంద్రే జిరూ అనే రచయితకు వచ్చింది. దేశంలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ సమానమని చెప్పే అధికార భాషల చట్టం వచ్చింది 1969లో. ప్రభుత్వ చట్టం కంటే పదేళ్ళు ముందే పుస్తకాలవాళ్ళు ఆ పని చేశారు.

దాంతో అందరి మనసూ చల్లబడిందా అంటే లేదు. క్విబెక్ వేరే దేశం కావాలనే ఉద్యమం అప్పుడు జోరుగా ఉంది. 1968 సంవత్సరపు బహుమతిని ఉబేర్ ఆకేన్ అనే ఫ్రెంచి నవలాకారుడు వద్దన్నాడు. పాటగాడుగా లోకానికి తెలిసిన లెనర్డ్ కోహెన్ కూడా అదే ఏడు ఇంగ్లీషు కవిత్వ బహుమతి తీసుకోలేదు. 1970లో క్విబెక్ గొడవల మీద ప్రభుత్వం యుద్ధకాలపు చట్టం ప్రయోగించినప్పుడు ఫెర్నాన్ ఉయెలెత్ అనే కవి తన బహుమతి నిరాకరించాడు. అయినా కౌన్సిల్ ఫ్రెంచి బహుమతులు ఆపలేదు. ఈరోజు ఇంగ్లీషుకు ఏడు, ఫ్రెంచికి ఏడు, మొత్తం పద్నాలుగు. ఒక్కొక్కటి 25,000 డాలర్లు. ఫ్రెంచి మాతృభాషగా ఉన్నవాళ్ళు దేశంలో మూడో వంతుకు తక్కువే. అయినా బహుమతులు సమానం. తర్జుమాకు కూడా 1987 నుంచి ఈ పురస్కారాల్లో చోటుంది. దాన్ని అసలు పుస్తకంతో కలపకుండా తర్జుమా చేసినవాళ్ళకే ఇస్తారు.

గాబ్రియెల్ రాయ్‌కి మొత్తం మూడుసార్లు ఈ బహుమతి వచ్చింది. 1947లో, 1957లో వచ్చినవి రెండూ ఇంగ్లీషు తర్జుమాలకు. మూడోది 1977లో, ఆమె ఫ్రెంచిలో రాసిన పుస్తకానికే వచ్చింది. మానిటోబాలో తన దగ్గర చదువుకున్న, రకరకాల భాషల ఇళ్ళనుంచి వచ్చిన పిల్లల జ్ఞాపకాలతో రాసిన పుస్తకం అది. ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆమె 1983లో పోయింది.

ఇంకొక సంగతి. 1993లో ఫ్రెంచి నవల బహుమతి నాన్సీ హ్యూస్టన్‌కు వచ్చింది. ఆమె పుట్టింది కాల్గరీలో, మాతృభాష ఇంగ్లీషు, కాపురం పారిస్‌లో. నవలను ముందు ఇంగ్లీషులో రాసి, తానే మళ్ళీ ఫ్రెంచిలో రాసింది. ఇది తర్జుమా, నవల బహుమతి ఎలా ఇస్తారని క్విబెక్ ప్రచురణకర్తలు కొందరు గొడవ చేశారు. బహుమతి మాత్రం ఆమెకే ఉండిపోయింది. ఇంట్లో ఏ భాష మాట్లాడావని అడగలేదు, ఫ్రెంచిలో ఏం రాశావని చూశారు.

మన దేశమూ అలాగే చేస్తుంది. సాహిత్య అకాడెమీ 1954లో మొదలైంది, మరుసటి ఏటినుంచి భాషకొక బహుమతి ఇస్తూ ఉంది. ఇప్పుడు 24 భాషలు. తెలుగులో మొదటిది సురవరం ప్రతాపరెడ్డిగారికి. 1989 నుంచి అనువాదానికి వేరుగా బహుమతి ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్‌గారు మన తెలుగింటి బిడ్డ. మనవాళ్ళు వలస వచ్చిన కథను తమిళంలో రాశారు. దాని రెండో భాగం ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో తమిళ బహుమతి అందుకున్నారు. అది తమిళ పుస్తకం, తమిళం చదివినవాళ్ళు చదివి ఇచ్చారు. మనకూ గర్వమే, తమిళులకూ గర్వమే.

ఇక మన సంగతికి వస్తాను. ఉగాది బహుమతికి తెలుగులో మూడే రచనలు వచ్చాయి. అందులో ఒకటి ఎనభై దాటిన మన సభ్యురాలు ఒకామె నోటుపుస్తకంలో రాసిన జ్ఞాపకాలు. ఆ కాలంలో తెలుగు బడి ఉండగా చదువుకున్నామె. దానికి తమిళ సారాంశం రాసింది నేనే.

కరువు ఏట వాళ్ళ నాయన పొరుగింటివాళ్ళకు ధాన్యం ఇచ్చాడు. తరువాత వాళ్ళు డబ్బు తెస్తే, మాకు అవసరం లేదని తిప్పి పంపాడు. ఆమె రాసింది అది. తమిళంలో అవసరం అంటే తొందర. నేను ఆ అర్థంతోనే పెరిగాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు అవసరంగా పోతున్నా అంటే తొందరగా పోతున్నా అనే కదా! అందువల్ల, తొందర లేదు, నిదానంగా ఇవ్వండి అన్నాడని తమిళంలో రాసేశాను. సారాంశం ఆమెకు చదివి వినిపిస్తే ఆమె నవ్వి, “ఏమబ్బా, మా నాయన్ని వడ్డీలవాణ్ణి చేస్తివే?” అన్నది. ఆమె నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. నోటుపుస్తకం మొత్తానికి ప్రాణం ఆ ఒక్క మాటలో ఉంది. దాన్ని నేను తీసేసి, ముగ్గురం కలిసి మిగిలినదానికి మార్కులు వెయ్యబోయాం.

మూడు రచనల కోసం వేరే కమిటీ ఎందుకని కొందరు అడుగుతారు. మూడే వచ్చాయి గనకే కావాలి. చదివేవాళ్ళు లేరని తెలిస్తే వచ్చే ఏడు ఆ మూడూ రావు.

కాబట్టి నేను కోరేది ఇది. తెలుగు రచనలకు ఒక బహుమతి, తమిళ రచనలకు ఒక బహుమతి, రెండూ ఒకే మొత్తం. తెలుగువాటిని తెలుగు బాగా చదివినవాళ్ళే చూడాలి. మన ఊళ్ళోనే రిటైరైన తెలుగు అయ్యవార్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, పోయి అడుగుదాం. డబ్బు మిగిలితే తెలుగునుంచి తమిళానికి, తమిళంనుంచి తెలుగుకు చేసిన తర్జుమాకు చిన్నదైనా ఒకటి పెడదాం. తెలుగు కమిటీనుంచి నేను తప్పుకుంటున్నాను. తమిళ కమిటీలో ఉండమంటే ఉంటాను.

నేను రాసిన సారాంశం ఆమె ముందే చించేశాను. నోటుపుస్తకం మన కార్యదర్శిగారి దగ్గర ఉంది. వచ్చే ఆదివారం సమావేశానికి అందరూ రండి. ఆ పేజీ ఆమెనే చదవమందాం.